మా బాపమ్మకు పోచమ్మ వచ్చిన రోజు

పోయిన నెల కోరుట్లకు వెళ్లినప్పుడు మా చిన్నమ్మ నన్ను చూసి ముందు బాగున్నావా అని అడగలేదు. నేను గడపలో చెప్పులు విడుస్తుండగానే నా తల వెనక చెయ్యి పెట్టి, మెడ దాకా కత్తిరించుకున్న జుట్టును పిడికిట పట్టబోయింది. అది చేతికి అందలేదు. "ఏమైందే పిల్లా నీ ఎంటికలకు? ఎలుకలు కొట్టినయా?" అంది. రంగు వేసుకునే బాధ తప్పుతుందని, ఎండాకాలం హాయిగా ఉంటుందని నేనేదో చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. "కత్తిరిచ్చుకునే ముందు నన్నొక్కమాట అడగకపోతివి" అని, నేనేదో ఇంటి జాగా అమ్ముకుని వచ్చినంత బాధపడుతూ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

వంటింట్లోంచి గాజుల చప్పుడు వినపడుతూ ఉంది. మా చిన్నబాపు, అంటే మా బాపుకు తమ్ముడు, గుండెపోటుతో పోయి ఏడాది దాటింది. అయినా చిన్నమ్మ ముంజేతుల నిండా ఎర్రటి మట్టిగాజులున్నాయి, నొసట పెద్ద బొట్టు ఉంది. ఆ వాడలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనరు. అనకపోగా పేరంటాలకు కూడా పిలుస్తారట. ఇదంతా చిన్నమ్మ గొప్పతనమని నేననుకోను. మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి, చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున సంపాదించి పెట్టిపోయిన ఆస్తి ఇది. మా వంశంలో ఇప్పటిదాకా పంపకాల గొడవ రాని ఆస్తి కూడా ఇదొక్కటే.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. మా వాడ నిండా సాంచెలు. సాంచెలంటే మరమగ్గాలు, పొద్దున లేచింది మొదలు టకటకమంటూనే ఉండేవి. ఆ మోతలో పుట్టి పెరిగినందుకు మాకందరికీ గొంతులు పెద్దవి. బయటి ఊళ్లవాళ్లు వస్తే మేం మామూలుగా మాట్లాడుకుంటున్నా కొట్లాడుకుంటున్నామనుకుని సర్దిచెప్పబోయేవాళ్లు. కరెంటు పోయిందంటే మాత్రం వాడంతా ఒక్కసారిగా మూగబోయేది. అప్పటిదాకా మోత మీదుగా అరుస్తున్నవాళ్ల మాట సగంలో దొరికిపోయేది. ఏ కోడలు ఏ అత్తను ఏమన్నదో, ఎవరింట్లో ఎవరికి చాటుగా కోడికూర వండిపెట్టారో మా వాడకు కరెంటువాళ్ల దయవల్లే తెలిసేది. మా ఇంటికి రెండు వాసనలుండేవి. ముందు షెడ్డులో నూలుకు పెట్టిన గంజి వాసన, లోపలి వసారాలో బాపమ్మ చాటలోని తంబాకు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా గంజి పెట్టిన చీర విప్పితే నాకు వెంటనే తంబాకు కూడా గుర్తొస్తుంది.

బాపమ్మ బీడీలు చేసేది. గోడకానుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం అన్నీ చూడకుండానే చేసేది. కళ్లకు పని లేదు కాబట్టి వాటిని వాడ మీదికి వదిలిపెట్టేది. పెత్రమాస నాడు అందరూ పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇచ్చేవాళ్లు. మా తాత పేరు మీద ఇవ్వడానికి బాపమ్మ ఒప్పుకునేది కాదు. "ఆయనకు బియ్యమెందుకు? బువ్వ మీద ఎన్నడు పాణముండె?" అని, చాటలోంచి ఒక మంచి బీడీ ఏరి దీపం గూట్లో పెట్టేది. తెల్లారి చూస్తే అది ఉండేది కాదు. తాత వచ్చి తాగిపోయిండని చెప్పేది. నేను పడుకునేది బాపమ్మ పక్కలోనే కాబట్టి, ఆ పొద్దున ఆమె దుప్పటి కాలిన బీడీ వాసన కొట్టేదని నాకు తెలుసు. ఆ సంగతి బయట పెట్టనందుకు నాకు ఏటా గుప్పెడు పుట్నాలు ముట్టేవి.

తాత నేత వదిలేసి మిలిటరీలో చేరాడు. మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన చెప్పాడట. బూట్ల మీద సోకుతో పోయిండని బాపమ్మ చెప్పేది. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ బూట్లతోనే వాడంతా తిరిగేవాడట. భార్యకు పౌడరు డబ్బా తెచ్చి, అందరి ముందు చేతికివ్వలేక బియ్యం కుండలో దాచేవాడట. ఒకసారి మూత ఊడి, నాలుగు పూటల అన్నం పౌడరు వాసన కొట్టిందని చెప్పి బాపమ్మ నవ్వేది. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆయన తిరిగి రాలేదు. జాడ తెలియడం లేదని మాత్రమే తంతి వచ్చింది. అప్పటికి మా బాపుకు బడి ఈడు, చిన్నబాపు చంకలో పిల్లవాడు.

తాతకు ఒక అన్న ఉండేవాడు, మా పెద్దతాత. ఆయన బిడ్డ పెండ్లి అప్పటికే కుదిరి ఉంది. ఇంటి మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా పందిరి వేయడమెట్లా అని అందరికీ భయం పట్టుకుంది. పెండ్లి నడుమ పోయిన కబురు వస్తే పిల్లకు అరిష్టమన్నారు. ముందే మైల తీర్చుకుంటే ఒక పనైపోతుందని పెద్దతాత తేల్చాడు. దర్భలతో మనిషి బొమ్మ చేసి మానేరు ఒడ్డున కాల్చారు. బాపమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. పెండ్లి ముహూర్తానికే జరిగింది. తాత ఎప్పటికీ రాలేదు. కాబట్టి పెద్దతాత చేసింది తప్పని ఎవరూ అనలేకపోయారు.

బాపమ్మకు అనాలని ఉన్నా దారి లేదు. మా ఇండ్లల్లో తమ్ముని భార్య బావతో ఎదురుపడి మాట్లాడకూడదు. పెద్దతాత ఇల్లు మా వెనకే, సాంచెల షెడ్డు ఇద్దరికీ కలిసి ఉండేది, ఆయన రోజూ పొద్దున వచ్చేవాడు. ఆయన దగ్గు వినపడగానే బాపమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని స్తంభం చాటుకు వెళ్లేది. "బిడ్డా, పెద్దతాతను కూసోమను" అనేది నాతో. ఆయన రెండు మూరల దూరంలోనే ఉండేవాడు. "కూసున్న గని, చాయ్ పొయ్యుమను మీ బాపమ్మను" అనేవాడు, ఆయనా నాతోనే. "చక్కెర ఎంత ఎయ్యాల్నో అడుగు." "ఎప్పటిలెక్కనే ఎయ్యుమను." నేను నోరు తెరిచే పనే ఉండేది కాదు, కానీ నేను అక్కడ లేకపోతే ఆ మాటలు సాగేవి కావు. నేను బడికి పోయిన పూట బాపమ్మ స్తంభంతో చెప్పేది. "ఓ స్తంభమా, వానొచ్చేటట్టున్నది, నూలు లోపల పెట్టుకోమను." పెద్దతాత కూడా స్తంభం వైపు తిరిగే జవాబిచ్చేవాడు. పాతికేళ్లు వాళ్ల మధ్య నడిచిన మాటలన్నీ చాయ్, చక్కెర, వాన, నూలు. గాజుల మాట స్తంభంతో చెప్పగలిగేది కాదు.

చిన్నబాపు పెరిగి పెద్దవాడై, కోరుట్ల పిల్లను పెండ్లి చేసుకుని, కాళ్ల పారాణి ఆరకముందే కువైట్ పోయాడు. అక్కడ రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణంలో పని. మా దిక్కు అప్పట్లో ఉత్తరాలు రాయడం తక్కువ, మాటలు క్యాసెట్లో నింపి పంపడం ఎక్కువ. సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాళ్ల చేతికిస్తే వాళ్లు అక్కడ అప్పజెప్పేవాళ్లు. నింపే రోజు ఇల్లంతా టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చునేది. బాపు గొంతు సవరించుకుని రేడియో వార్తల్లాగా, ఊళ్లో ఎవరెవరు పోయారో, ఎవరి బర్రె ఈనిందో చదివేవాడు. బాపమ్మ మాత్రం కొడుకు దూరాన ఉన్నాడు కాబట్టి వినపడదని సాంచెల మోతను మించి అరిచేది. "ఓ కొడుకా! తిన్నవా?" అని అరిచి, జవాబు కోసం ఆగేది. క్యాసెట్ జవాబు చెప్పదని మేం ఎంత చెప్పినా, "ఆగుర్రి, వాడు చిన్నప్పటిసంది తిన్నంక చెప్తడు" అనేది.

చివరికి చిన్నమ్మ వంతు వచ్చేది. అత్త, బావ, తోడికోడలు, పిల్లలం, ఇంతమంది ముందు ఆమెకు నోరు పెగిలేది కాదు. మైకు దగ్గర చేతులు పెట్టుకుని కూర్చునేది. కాసేపు గాజులు కదిలేవి. బ్యాటరీ దండుగని బాపు మీట నొక్కేవాడు. తర్వాత చిన్నబాపు దగ్గర్నుంచి క్యాసెట్ వచ్చింది. అందరినీ పేరుపేరునా అడిగి, ఆఖర్లో ఇలా అన్నాడు: "లాస్టుకు గాజులు మోగిచ్చినోళ్లెవలో గని, వాళ్ల మాట నాకు మంచిగ సమజైంది. ఈసారి ఇంకింతసేపు మాట్లాడుమనుర్రి." మేమంతా పడిపడి నవ్వాం, చిన్నమ్మ పెరట్లోకి పరుగెత్తింది. బాపమ్మ నవ్వలేదు. బీడీ చుట్టడం ఆపి కోడలు వెళ్లిన వైపే చూసింది. మళ్లీ నింపే రోజు వచ్చినప్పుడు తన అరుపు అరిచేసి, "ఇగ పోర్రి అందరు, టేపుకు దిష్టి తగులుతది" అని మమ్మల్నందరినీ బయటికి తోలి, కోడలిని లోపల కూర్చోబెట్టి, తలుపుకు అడ్డంగా చాట పట్టుకుని కూర్చుంది. ఆ క్యాసెట్ ఒక పక్కంతా గాజులే.

అది అందిందో లేదో తెలియకముందే కువైట్ మీద యుద్ధం వచ్చి పడింది. ఫోన్లు లేవు, మనుషుల రాకపోకలు లేవు. మా వాడలో రేడియో ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పులే. కొన్నాళ్లకు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలైంది. ముస్తాబాద్‌కు ఒకాయన వచ్చాడంటే బాపు సైకిలేసుకుని పోయాడు. చిన్నబాపు దుకాణమున్న వీధి తగలబడిందని ఆయన చెప్పాడు. చందుర్తికి వచ్చినాయన, లారీ ఎక్కుతుంటే చూసినట్టే ఉందన్నాడు, కానీ అది మీవోడేనని ఒట్టు వెయ్యలేనన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరికీ ఏమీ తెలియదు. చిన్నమ్మ పగలంతా నూలు కండెలు చుట్టేది. ఎవరైనా గడపలోకి వస్తే ఆమె చేతులు ఆగిపోయేవి.

సరిగ్గా అప్పుడే మా అక్కకు జగిత్యాల సంబంధం కుదిరింది. పిల్లగానివాళ్లు మంచివాళ్లే, కానీ పెద్దతాతను పక్కకు పిలిచి, మీ ఇంట్లో మైల ఉందా లేదా తేల్చి చెప్పమన్నారు. పెద్దతాతకు ఈ పాఠం ముందే వచ్చు. ఆదివారం పొద్దున కులపెద్దలను పిలిపిస్తున్నట్టు చెప్పాడు. చిన్నమ్మ శనివారం సాయంత్రం బాపమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "అత్తా, ఆయన ఉన్నడు. నేను గాజులు తియ్య."

"నిన్నెవలు తియ్యుమన్నరు?" అంది బాపమ్మ, దారం కొరుకుతూ.

"రేపు అందరు వస్తున్నరట గద."

"రానీయి. చాయ్ పోద్దాం."

అంతే అంది. కాసేపటికి నన్ను పిలిచి వేపరొట్ట తెమ్మంది. దోమలకు పొగ వేస్తుందనుకున్నాను. ఆదివారం తెల్లవారుతూనే కుంకుడుకాయ కొట్టించుకుని తలంటుకుంది. ఆమె తలంటు శుక్రవారం కదా అని అమ్మ అనుమానంగా చూసింది.

పెద్దలు వచ్చి చాప మీద కూర్చున్నారు. షెడ్డులో సాంచెలు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి అందరూ అరిచే మాట్లాడుతున్నారు. "నాకేమన్న సంబురమా?" అన్నాడు పెద్దతాత. "కోడలు నా బిడ్డసొంటిది. గని పెండ్లిల పసుపు దంచేటోళ్లెవలు, పక్కకుండేటోళ్లెవలు, జగిత్యాలోళ్లకు చెప్పాలె గద. అటో ఇటో తేలాలె." బాపు తల దించుకుని కూర్చున్నాడు. అక్క తన పెండ్లికే ఇదంతా అని లోపల ఏడుస్తోంది. ఈ పనికని పిలిపించిన ముసలామె ఒకతె కొంగు బిగించి, "ఏదీ, పిల్లను ఇవుతలికి తోలుర్రి" అంది. చిన్నమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు అంటుకుపోయింది.

అప్పుడు స్తంభం వెనకాల నుంచి ఒక కేక వినపడింది. బాపమ్మ బయటికి వచ్చింది. నెత్తి మీద కొంగు లేదు. తలంటుకున్న జుట్టంతా విరబోసి ఉంది, చేతిలో వేపరొట్ట ఉంది. నేను తెచ్చిందే. ఊగుతూ వచ్చి చాప నడిమధ్యన నిలబడి, పెద్దతాత ముఖంలోకి చూసి, "ఒరేయ్!" అంది.

పెద్దతాత అలవాటు కొద్దీ నా కోసం వెతికాడు. నేను దూరంగా ఉన్నాను. స్తంభం వైపు చూశాడు, అదీ పనికిరాలేదు. తమ్ముని భార్య ముఖాన్ని ఆయన సరిగ్గా చూడటం అదే మొదలు అయ్యుంటుంది. ఒక పెద్దమనిషి గబగబా చేతులు జోడించి, "ఎవలు తల్లీ నువ్వు?" అని అడిగాడు.

"నన్నే ఎవలంటవురా? పోచమ్మను! బోనం తెస్తమంటిరి, తేకపోతిరి. నా గుడి మీద పెంకలు పోయినయి, చూసినోడున్నడా మీల ఒక్కడు?"

పెంకలు పోయిన మాట నిజమే. అందరూ లేచి నిలబడ్డారు. సాక పోయాలన్నారు, అంటే అమ్మవారి ముందు కల్లు ధార పోయాలి. ఎవరో ముంత తెచ్చారు. "ఈతకల్లు నాకెందుకురా? తాటికల్లు తే!" అంది పోచమ్మ. మా బాపమ్మకు కూడా ఈతకల్లు పడదు. నాకు నవ్వొచ్చింది, అమ్మ నా తొడ మీద గిల్లింది. తాటికల్లు వచ్చింది. ధార కొంచెమే పడింది, మిగిలింది పోచమ్మే తాగింది. తర్వాత వేపరొట్టతో ఆ ముసలామె వైపు చూపించి, "నా బిడ్డ గాజులు ముట్టేది నువ్వానే?" అంది. ఆమె అప్పటికే గడప దాటి ఉంది.

అంతా బాగానే సాగుతుండగా మా బాపు ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తల్లీ, నా తమ్ముడు వస్తడా?" అని అడిగాడు. ఏడుస్తూ అడిగాడు. బాపమ్మ ఈ ఒక్కటీ అనుకుని ఉండలేదు. వస్తడని అంటే ఆ పూటకు గెలిచేది. అనలేకపోయింది. కాసేపు ఊరికే ఊగింది, వేపాకులు రాలుతున్నాయి. "వచ్చుడు నా చేతుల లేదురా" అంది చివరికి, సాంచెల మోత మీదుగా. "ఆగుడు మీ చేతుల ఉన్నది. ఆగుర్రి! అప్పుడు సుత ఆగకపోతిరి!" అని పెద్దతాత వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. ఆ నిశ్శబ్దంలో బాపమ్మ కేక వాడంతా వినపడింది.

"నా మొగని కోసం నాలుగు నెలలు ఆగకపోతివి బావా! నీ ఇంట్ల పందిరెయ్యాలని నా గాజులు పలగ్గొట్టిస్తివి!"

వెనక నుంచి ఎవరో పిల్లగాడు, "పోచమ్మకు ఈ తాత బావెట్లయితడే?" అని అడిగాడు. వాళ్లమ్మ వాడి నోరు మూసింది. బాపమ్మకు తన మాట తనకే వినపడింది. ఊగడం ఆపలేదు గానీ, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు నవ్వు పోయింది, భయమేసింది.

పెద్దతాత తలకున్న రుమాలు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. "తప్పైంది తల్లీ" అన్నాడు. "బిడ్డ పెండ్లి ఒక్కటే కనపడ్డది నాకప్పుడు. తొందరపడ్డ. తెల్లారి నుంచే తెలుసు నాకు, తప్పు చేసిన్నని. చెప్పుకుందామంటే ఎట్ల చెప్పుకోవాలె? ఎవల తోని చెప్పిపంపాలె?" ఆయన నిజంగా పోచమ్మకే మొక్కాడో, మరదలికే మొక్కాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ పూట నాటకమాడింది బాపమ్మ ఒక్కతే కాదేమోనని మాత్రం అనిపిస్తుంది. కరెంటు వచ్చింది, సాంచెలు మళ్లీ మొదలయ్యాయి, బాపమ్మ కూడా మళ్లీ పోచమ్మ అయింది. వచ్చే ఆదివారం నల్ల కోడిపుంజు కావాలంది. గుడికి పెంకలు కావాలంది. పెండ్లిలో పసుపు ఈ బిడ్డ చేతులతోనే దంచాలంది. ఆ తర్వాత ఊగుతూ వెనక్కి వచ్చి పడిపోయింది, సరిగ్గా నేనున్న చోట. అందరూ నీళ్లు, నిమ్మకాయ అని హడావిడి పడుతుంటే నా ఒళ్లోంచి ఒక కన్ను తెరిచి, "కల్లు ఇంకింత మిగిలిందానే?" అని అడిగింది.

మర్నాడు పొద్దున పెద్దతాత దగ్గు వినపడింది. బాపమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని స్తంభం చాటుకు వెళ్లింది. "బిడ్డా, చాయ్‌ల చక్కెర సరిపోయిందో లేదో అడుగు" అంది. "మంచిగున్నదని చెప్పు" అన్నాడు పెద్దతాత. ఆ చాయ్‌ని ఆయన ఎప్పటికన్నా చాలా నెమ్మదిగా తాగాడు. అదే వారం పోచమ్మ గుడికి కొత్త పెంకలు వేయించాడు.

అక్క పెండ్లిలో చిన్నమ్మే పసుపు దంచింది. జగిత్యాలవాళ్లు ఆమె చేతుల వైపు చూశారు గానీ, పోచమ్మ మాట విన్నవాళ్లెవరికీ నోరు లేవలేదు. రోకలి ఎత్తినప్పుడల్లా గాజులు మోగుతుంటే చిన్నమ్మ కళ్లు మూసుకునేది. ఆమెకు అది పరువు కాదు, భయం. రేపు చెడ్డకబురు వస్తే ఇదే చేయి ఈ పెండ్లికి అంటిందని అంటారని ఆమెకు తెలుసు. బాపమ్మకు ఇంకా బాగా తెలుసు. పెండ్లయ్యాక కూడా ఆమె గడపలోనే చాట పెట్టుకుని కూర్చునేది, బీడీలు వంకరగా చుట్టేది, బీడీల కార్ఖానాలో సగం తిప్పి పంపేవాళ్లు.

చెడ్డకబురు రాలేదు. ఒక మధ్యాహ్నం బొంబాయి బస్సు దిగి చిన్నబాపు వచ్చాడు. గడ్డం పెరిగి, ఎవరిదో వదులు కోటు వేసుకుని, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి తప్ప ఏమీ లేకుండా వచ్చాడు. ఎడారిలో లారీల మీద పడి ఎట్లా దాటారో, జోర్డాన్‌లో గుడారాల్లో ఎన్నాళ్లున్నారో తర్వాత మెల్లగా చెప్పాడు. అందరూ చిన్నమ్మను ముందుకు తోస్తుంటే ఆమె మళ్లీ పెరట్లోకే పరుగెత్తింది. బాపమ్మ మాత్రం లేచి, చేతిలోని చాటతో కొడుకు వీపు మీద గట్టిగా ఒకటి వేసి, "తిన్నవా?" అని అరిచింది. "తినలే" అన్నాడాయన. క్యాసెట్‌కు ఇన్నాళ్లకు జవాబు వచ్చినట్టయింది. సంచిలో ఆ క్యాసెట్ ఉంది. వినడానికి అక్కడ టేపు లేకపోతే, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడట. లోపల లొడలొడమంటే గాజులే అనుకునేవాడినని చెప్పాడు. ఆయనకు అన్నం పెట్టాక బాపమ్మ లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఒకరు వచ్చారని సంతోషం, ఒకరు రాలేదని దుఃఖం, రెండూ ఒక్కసారే వచ్చి పడ్డట్టున్నాయి. నేను పక్కన పడుకుని ఆమె నడుము పట్టుకున్నాను.

ఇవాళ బాపమ్మా లేదు, పెద్దతాతా లేడు, ఆ షెడ్డులో సాంచెలూ లేవు. చిన్నబాపు మళ్లీ దేశం దాటలేదు, కోరుట్లలో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పుడు మా అక్క కొడుకు దుబాయిలో ఉండి, అన్నం తింటూ ఫోన్లో ముఖం చూపిస్తాడు. తిన్నావా అని అడిగే పని కూడా లేదు, పళ్లెం కనపడుతూనే ఉంటుంది. వాడు రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే అక్క దేవుళ్లందరికీ మొక్కేస్తుంది. నెలల తరబడి గడపలో కూర్చుని ఎదురుచూడటం మాలో ఎవరికీ చేతకాదని నాకనిపిస్తుంది. ఆ మాట అంటే అక్కకు కోపం.

ఆ అక్కే ఇప్పుడు మా ఇండ్లల్లో ఆచారాలకు పెద్ద. చిన్నబాపు పోయిన పదో రోజున గాజులు తీసే పనికి ఆడవాళ్లను వెంటేసుకుని ఆమే ముందు నడిచింది. చిన్నమ్మ చేయి పట్టుకుని, "ఇగ కానియ్యాలె చిన్నమ్మా, ఎండెక్కుతున్నది" అంది. అంతవరకు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టున్న చిన్నమ్మ తల నెమ్మదిగా ఊగడం మొదలైంది. కొప్పు విడిపోయింది. "ఒసేయ్!" అంది అక్కతో. "ఎవలు తల్లీ నువ్వు" అని ఎవరో అడిగారు. "నీ పెండ్లిల పసుపు దంచిన చేతులే ఇవి! వీటికి గాజులు బరువైనయా నీకు? ఎండెక్కుతున్నదా? ఆగు! అప్పుడు ఆగకపోతిరి, ఇప్పుడు సుత ఆగరా?" అక్క నిలువునా కూలిపోయి, తప్పైంది తల్లీ అని కాళ్ల మీద పడింది. పోచమ్మ తాటికల్లే అడిగింది. నేను టవల్ నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగాను. నేను ఏడుస్తున్నాననుకుని ఎవరో వీపు నిమిరారు. అదీ నిజమే.

పోయిన నెల కోరుట్లలో ఆ పూట చిన్నమ్మ చాయ్ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. పక్కన బల్ల మీద ఆ పాత క్యాసెట్ ఉంది. చిన్నబాపు ఉన్నన్నాళ్లు దాని కోసమే ఒక టేపును బతికించి ఉంచాడు, ఆయన పోయాక అది కూడా పనిచేయడం లేదట. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. "నిజం చెప్పు చిన్నమ్మా. ఆ రోజు నీకు పోచమ్మ నిజంగనే వచ్చిందా?"

"పోచమ్మకు నాతోని ఏం పనే?" అంది చిన్నమ్మ. "మీ బాపమ్మ వచ్చింది."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఆమె మళ్లీ నా తల వైపు చూసింది, నవ్వు తగ్గింది. "నీకేం కావద్దు బిడ్డా. నీ ఇంటాయన నూరేండ్లుండాలె. గని ఎప్పుడన్న అవసరపడితే, గీ ఎంటికలతోని ఏం ఊగుతవు? ఎవలు నమ్ముతరు? పెంచుకో."

ఇంటికి వచ్చాక కత్తిరించుకోలేదు. మొన్న మా ఆయన చూసి, జుట్టు పెరిగింది, కత్తిరించే అమ్మాయి దగ్గరికి మళ్లీ ఎప్పుడు పోతావని అడిగాడు. పెంచుకుంటున్నానని చెప్పాను. "ఈ వయసులో ఎందుకు?" అని నవ్వాడు. ఊరికేనన్నాను. ఆయన పేపరు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చుని, తాగడం అయ్యేదాకా ఆయన ముఖమే చూశాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు, చక్కెర సరిపోయిందా అని అడిగాను.